ఆశకి ఎంత కట్టొచ్చు?

1980లో లాస్ వేగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ముఖ్య పోటీలో 73 మంది ఆడితే చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు డోయల్ బ్రన్సన్. 1976లోనూ, 1977లోనూ ఆ పోటీ గెలిచిన మనిషి. రెండోవాడు స్టూ అంగర్, 26 ఏళ్ళ కుర్రాడు. ఆఖరి ఆటలో బ్రన్సన్ చేతిలో ఆసు, ఏడు. అంగర్ చేతిలో అయిదు, నాలుగు, రెండూ ఒకే రంగు. బల్ల మీద మొదటి మూడు ముక్కలు తిరగేస్తే ఆసు, ఏడు, రెండు. బ్రన్సన్‌కి రెండు జతలు పడ్డాయి. అంగర్‌కి ఏమీ పడలేదు. ఒక్క మూడు వస్తే ఆసు నుంచి అయిదు దాకా వరస కుదురుతుంది, రాకపోతే చేతిలో ఉన్నవి చెత్త. అతనికి కనపడని 47 ముక్కల్లో మూళ్ళు నాలుగే. అయినా బ్రన్సన్ కాసిన పందేనికి సరిపడా డబ్బు కట్టి ఇంకో ముక్క కోసం ఆగాడు. మూడు వచ్చింది. బ్రన్సన్ ఉన్నదంతా తోశాడు. టైటిల్ అంగర్‌ది అయింది.

దీని గురించి రెండు రకాల మాటలు వింటుంటాను. "అదృష్టం, అంతే" అంటారు కొందరు. "అదీ గుండె ధైర్యమంటే" అంటారు ఇంకొందరు. ఈమధ్య రెండోరకం వాళ్ళు ఎక్కువయ్యారు. పోకర్ భాష స్టార్టప్‌ల వాళ్ళ నోటికీ పాడ్‌కాస్ట్‌లకీ ఎక్కాక, చిన్న ముక్కలతో పెద్ద పాట్ కొట్టడం ఒక జీవితసూత్రం అయి కూర్చుంది. ఉద్యోగం మానేసి సినిమా తీసేవాడికీ, ఇల్లు తాకట్టు పెట్టి కంపెనీ పెట్టేవాడికీ అదే ఉపమానం: "పోతే కొంచెం, వస్తే కొండంత."

నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న ఇదే. ఆశపడడం ఎప్పుడు సబబు? పోకర్ దీనికి జవాబు చెప్తుందనే నేను అనుకుంటున్నాను. కాకపోతే ఆ ఉపమానాన్ని వాడేవాళ్ళు చెప్పే జవాబు కాదు.

ఆట తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. నో లిమిట్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికీ రెండు ముక్కలు పడతాయి, ఎవరివి వాళ్ళకే కనపడతాయి. బల్ల మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు తిరగేస్తారు: ముందు మూడు ఒకేసారి (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), ఆఖర్న ఒకటి (రివర్). ప్రతి దశకీ ముందూ వెనకా పందెం. మొత్తం ఏడింటిలోంచి మంచి అయిదు ముక్కలు ఎవరికి కుదిరితే వాళ్ళది పాట్. "నో లిమిట్" అంటే ఎప్పుడైనా సరే, తన ముందున్న చిప్స్ అన్నీ తోసేయొచ్చు. ఎదుటివాడు కట్టాలి, లేదా ముక్కలు పడేసి తప్పుకోవాలి.

మొదటి రెండు ముక్కలు 169 రకాలుగా రావొచ్చు. వాటిలో కొన్ని పుట్టుకతోనే మంచివి. రెండు ఆసులు, రెండు రాజులు, ఆసూ రాజూ. వీటితో ఏం చెయ్యాలో ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ రెండు ఆసులు సగటున 221 ఆటలకి ఒకసారి వస్తాయి. వాటికోసమే కూర్చుంటే తెల్లారిపోతుంది. ఇంకో రకం ముక్కలున్నాయి. జత నాలుగులు, జత మూళ్ళు, ఒకే రంగులో ఏడూ ఆరూ, ఒకే రంగులో అయిదూ నాలుగూ. ఇప్పటికి ఇవి ఏమీ కావు. బల్ల మీద సరైన ముక్క పడితే మాత్రం రెండు ఆసులనీ మింగేస్తాయి. ఆటగాళ్ళు వీటిని స్పెక్యులేటివ్ హ్యాండ్స్ అంటారు. నేను ఆశముక్కలు అంటాను.

మన రమ్మీలో ఈ బాధ అందరికీ తెలిసిందే. పదమూడు ముక్కలు విప్పుతాం. జోకర్ లేదు, సీక్వెన్స్ లేదు. మొదట్లోనే డ్రాప్ చేస్తే 20 పాయింట్లు. మధ్యలో అయితే 40. చివరిదాకా కూర్చుని ఇరుక్కుంటే 80. "ఒక్క ముక్క చూసి పోదాం" అనుకుంటాం. ఆ ఒక్క ముక్క ఖరీదు ఎంత? చాలామంది ఆ లెక్క వెయ్యరు. ముక్కని చూస్తారు, ఖరీదుని చూడరు. హోల్డెమ్‌లో ఆశముక్కల విద్య అంతా ఆ ఖరీదు చూడడంలోనే ఉంది.

లెక్క చేసి చూపిస్తాను. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మేం కొంతమంది తెలుగువాళ్ళం శుక్రవారం రాత్రుళ్ళు ఆడుకుంటాం. బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకుండా ఇద్దరు పెట్టాల్సిన డబ్బు, పాతిక సెంట్లూ యాభై సెంట్లూ. ఒకతను రెండు డాలర్లకి రెయిజ్ చేశాడు. నా చేతిలో జత నాలుగులు. పాట్‌లో ఉన్నది 2.75. మిగతావాళ్ళు తప్పుకున్నారు. నేను రెండు డాలర్లు కడితే ఫ్లాప్ చూడొచ్చు. ఫ్లాప్‌లో ఇంకో నాలుగు పడే అవకాశం 11.8 శాతం. అంటే ఇదే ఆట పదిహేడు సార్లు ఆడితే రెండుసార్లు పడుతుంది, పదిహేను సార్లు పడదు. పడని పదిహేను సార్లూ రెండేసి చొప్పున 30 డాలర్లు పోతాయి. అంటే పడ్డ రెండుసార్లూ ఒక్కోసారి 15 డాలర్లు వస్తే లెక్క సరికి సరి. పాట్‌లో 2.75 ఎటూ ఉంది. మిగిలిన 12.25 ఎక్కడినుంచి రావాలి? ఎదుటివాడి ముందున్న చిప్స్‌లోంచి.

అతని ముందు ఇంకా 48 డాలర్లున్నాయా? చేతిలో మంచి జత ఉంటే వాటిలో చాలాభాగం పెడతాడు. కట్టొచ్చు. అతని దగ్గర మిగిలింది ఎనిమిదేనా? ఆ ఎనిమిదీ ప్రతిసారీ గుంజుకున్నా నాకు నష్టమే. నా దగ్గర మిగిలేది ఎనిమిదైనా అంతే, ఎందుకంటే ఇద్దరిలో తక్కువున్నవాడి డబ్బు వరకే పందెం నడుస్తుంది. పైగా మూడు నాలుగులు పడ్డా ఎదుటివాడి చేతిలో ఏమీ లేక వెళ్ళిపోవచ్చు, అరుదుగా అతనికి అంతకంటే పెద్దవి పడొచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు, కట్టేదానికి పదిహేను ఇరవై రెట్లు ఇద్దరి ముందూ ఉంటే తప్ప చిన్న జతతో కట్టకు అంటారు. ఈ రాబోయే డబ్బు లెక్కని ఇంప్లైడ్ ఆడ్స్ అంటారు. డేవిడ్ స్క్లాన్‌స్కీ పుస్తకాలతో ఆ మాట అందరికీ తెలిసింది.

ఈ లెక్కలో నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. రెండు సందర్భాల్లోనూ ముక్కలు అవే. జత నాలుగులు. పడే అవకాశమూ అదే, 11.8 శాతం. అయినా ఒకచోట కట్టడం తెలివి, ఇంకోచోట మూర్ఖత్వం. తేడా ముక్కల్లో లేదు, ఆడేవాడి గుండెలో లేదు. ముందున్న చిప్స్ ఎత్తులో ఉంది.

అంగర్ దగ్గరికి వద్దాం. 47 ముక్కల్లో నాలుగు అంటే తొమ్మిది శాతం కూడా కాదు. ఆ ఆటలో అప్పటికి ఉన్న పాట్ ఒక్కటే చూస్తే అది నష్టం బేరం. కానీ మూడు పడితే బ్రన్సన్ రెండు జతలతో తప్పుకోడని అతనికి తెలుసు, బ్రన్సన్ ముందు డబ్బు ఉందనీ తెలుసు. ఇలాంటి ఒకే రంగు చిన్న వరస ముక్కలంటే ఇష్టమని అంతకు కొద్దికాలం ముందే తన పుస్తకంలో రాసుకున్నవాడు బ్రన్సన్. వాటి దెబ్బే తిన్నాడు.

ఆశముక్కలతో లాభం రావాలంటే మూడు షరతులు. చూడ్డానికి కట్టే ధర తక్కువుండాలి. వస్తే రాబోయేది ఎక్కువుండాలి. రాకపోతే వదిలెయ్యాలి. మూడోది చెప్పడానికి తేలిక. పదిహేడులో పదిహేను సార్లు చెయ్యాల్సిన పని అదే కాబట్టి అసలు ఆట అదే. ఫ్లాప్‌లో నాలుగు పడలేదు, ఎదుటివాడు మళ్ళీ పందెం వేశాడు, "ఇప్పటికే రెండు డాలర్లు పెట్టాం కదా" అనిపిస్తుంది. ఆ రెండు డాలర్లు ఇక నావి కావు, పాట్‌వి. బయటినుంచి చూసేవాళ్ళకి అంగర్‌కి పడ్డ మూడు కనపడుతుంది. మంచి ఆటగాడు నిశ్శబ్దంగా పడేసిన వందల అయిదూ నాలుగులు ఎవరికీ కనపడవు.

*

ఇక బల్ల దగ్గర్నుంచి లేచి బయటికొద్దాం.

1738లో డేనియల్ బెర్నూలీ ఒక వ్యాసంలో ఇలాంటి ప్రశ్నే వేశాడు. బాగా పేదవాడొకడికి ఎలాగో ఒక లాటరీ టికెట్ దొరికింది. సగానికి సగం అవకాశం: 20,000 డుకాట్లు రావొచ్చు, ఏమీ రాకపోవచ్చు. దాన్ని ఎవరైనా 9,000కి కొంటానంటే అమ్మేయడం తెలివితక్కువా? లెక్క ప్రకారం ఆ టికెట్ విలువ 10,000. అయినా అమ్మేయడం తప్పు కాదంటాడు బెర్నూలీ. అదే టికెట్‌ని ఒక ధనవంతుడికి 9,000కి ఇస్తానంటే అతను కొనకపోవడం తప్పు అనీ అంటాడు. టికెట్ ఒకటే, అవకాశం ఒకటే. చెయ్యాల్సిన పని మాత్రం ఇద్దరికీ వేరు. పేదవాడు పిరికివాడనీ ధనవంతుడు ధైర్యవంతుడనీ కాదు. ఒకడికి వెనక దన్ను ఉంది, ఇంకొకడికి లేదు.

మనం మనుషుల్ని మెచ్చుకునేటప్పుడు దీన్ని పూర్తిగా మర్చిపోతాం. హైదరాబాద్‌లో సొంత ఇల్లు, అద్దెలొచ్చే ఇంకో ఇల్లు ఉన్న కుర్రాడు ఉద్యోగం మానేసి రెండేళ్ళు ఏదో ప్రయత్నిస్తే "రిస్క్ తీసుకున్నాడు" అంటాం. అతను పెట్టింది యాభై డాలర్లలో రెండు డాలర్లు. నెలనెలా ఇంటికి డబ్బు పంపాల్సిన కుర్రాడు అదే పని చెయ్యనంటే "సేఫ్ గేమ్" అంటాం. అతని ముందున్నవే పది డాలర్లు. మొదటివాడిలో ఉన్న గుణం రెండోవాడిలో లేదని మనకెలా తెలుసు? ధైర్యం అని మనం పొగిడే వాటిలో చాలావరకు చిప్స్ ఎత్తే. ఈమాట అంటే కొందరు నొచ్చుకుంటారు. కానీ బల్ల దగ్గర ఇది అందరూ ఒప్పుకునే సంగతి. తక్కువ చిప్స్ ఉన్నవాడు చిన్న జత పడేస్తే వాణ్ణి పిరికివాడని ఎవరూ అనరు.

నాకు ఇది ఉబుసుపోక వచ్చిన ఆలోచన కాదు. నాకంటే చిన్నవాళ్ళు, "అన్నా, ఒక్కమాట" అంటూ ఫోన్ చేస్తుంటారు. ఇక్కడ మాస్టర్స్ చేసి, వీసా కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. చదువయ్యాక పని చేసుకోవడానికి ఒక ఏడాది. సైన్స్, ఇంజినీరింగ్ వాళ్ళకి ఇంకో రెండేళ్ళు. ఈలోపు హెచ్-1బి రావాలి. ఏటా ఇచ్చేవి 65,000, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000. అడిగేవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు. ఏళ్ళ తరబడి అది లాటరీయే. మూడేళ్ళు అంటే మూడు ఫ్లాప్‌లు. మూడూ అయిపోయాక, ఇంకో మాస్టర్స్‌లో చేరి ఇంకో రెండు ఫ్లాప్‌లు కొనుక్కోవచ్చా అన్నది ప్రశ్న. ముక్కలు అవే, అవకాశం దాదాపు అదే, ధర మాత్రం పెరిగింది.

అలా అడిగిన ఒక తమ్ముడితో మాట్లాడుతున్నప్పుడు, ఇంకో పదిహేను వేల డాలర్లు ఎక్కణ్ణుంచి తెస్తావని అడిగాను. "నాన్న ఇంకో ఎకరం అమ్మేద్దామంటున్నాడన్నా" అన్నాడు. మొదటి ఎకరం వచ్చేటప్పుడే పోయింది. "లాటరీలో రాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉందని మీ నాన్నకి తెలుసా?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "వస్తుందనే చెప్పానన్నా" అన్నాడు.

పోకర్‌లో ఒక నియమం ఉంది. అంత పాతదీ అంత మామూలుదీ కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడరు. టేబుల్ స్టేక్స్. ఆట మొదలయ్యేటప్పటికి నీ ముందు బల్ల మీద ఏముందో అదే నీ పందెం. మధ్యలో జేబులోంచి తియ్యకూడదు, ఉంగరం పెట్టకూడదు, కారు తాళాలు పెట్టకూడదు, పక్కవాడి చిప్స్ ముట్టుకోకూడదు. సినిమాల్లో ఇల్లు రాసిచ్చే జూదగాళ్ళు కనిపిస్తారు కానీ నియమాలున్న ఏ బల్ల దగ్గరా అది కుదరదు. ఆశముక్కల లెక్క నిలబడేది ఈ నియమం మీదే. పోయేది ఎంతో ముందే తెలుసు, అది నాదే, నేను దాన్ని చూస్తూ పెట్టాను. బల్ల మీద ఆశకి ఈ కంచె ఉంది. జీవితంలో లేదు. అక్కడ తండ్రి ఎకరం పెట్టొచ్చు, చెల్లెలి పెళ్ళికని దాచింది పెట్టొచ్చు, వాళ్ళకి అవకాశం ఎంతో చెప్పకుండానే పెట్టొచ్చు.

మనకి ఇది కొత్త ప్రశ్న ఏమీ కాదు. సభాపర్వంలో ద్రౌపది అడిగింది ఇదే. తనని సభకి తీసుకెళ్ళడానికి ప్రాతికామి వస్తే, ధర్మరాజు ముందు తనను తాను ఓడాడా, నన్ను ఓడాడా అని కనుక్కుని రమ్మంది. ధర్మరాజుకి ఆట రాదనో, పాచికలు మోసమనో ఆమె అప్పుడు అనలేదు. తన ముందు ఇంక ఏ చిప్సూ లేనివాడు ఏ హక్కుతో ఇంకొకరిని పందెం కాశాడు అని అడిగింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదంటూ తేల్చి చెప్పలేకపోయాడు. హోల్డెమ్ బల్ల దగ్గర డీలర్ ఒక్క క్షణంలో చెప్పేవాడు, ఆ పందెం చెల్లదని.

ఇరవయ్యో శతాబ్దంలో బెర్నార్డ్ విలియమ్స్ అనే తత్వవేత్త ఇంకో రకంగా ఈ ప్రశ్న లేవదీశాడు. 1976లో "నైతిక అదృష్టం" అన్న ఆలోచన చుట్టూ రాసిన వ్యాసంలో చిత్రకారుడు గోగాఁ ఉదాహరణ తీసుకున్నాడు, కొంత కల్పన కలిపి. భార్యనీ పిల్లల్నీ వదిలి బొమ్మలు గీయడానికి దూరదేశం వెళ్ళిన మనిషి. ఆ నిర్ణయాన్ని ఏదైనా సమర్థించగలిగితే, అది అతను గొప్ప చిత్రకారుడు కావడమే అంటాడు విలియమ్స్. అది ముందే తెలిసే వీలు లేదు. అంటే రివర్ ముక్క తిరగేశాక గానీ పందెం సరైనదో కాదో తెలియదన్నమాట.

విలియమ్స్ చూపించిన ఇబ్బంది నిజమైనదే. కానీ పోకర్ ఆడేవాడిగా నాకు ఆ మాట మింగుడు పడదు. ఫలితం చూసి నిర్ణయాన్ని తూచడం కొత్త ఆటగాళ్ళు చేసే పని. మూడు పడింది కాబట్టి అంగర్ చేసింది ఒప్పు అనం. పడకపోయినా ఒప్పో కాదో చెప్పగలగాలి. గోగాఁ విషయంలో నేను అడిగేది బొమ్మలు గొప్పవా కాదా అని కాదు. ఎవరి చిప్స్ పెట్టాడు? వాళ్ళని అడిగాడా? బొమ్మలు ఎంత గొప్పవైనా ఈ ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది. అసలు గోగాఁ గీసిన బొమ్మల్ని నేనూ కళ్ళప్పగించి చూశాను. చూసి, ఆయన భార్య మెటె అయిదుగురు పిల్లలతో ఎలా నెట్టుకొచ్చిందో అనుకున్నాను. రెండూ ఒకేసారి నిజం.

*

ఎవరి చిప్స్ అన్న ప్రశ్నకి తోడు ఇంకోటి ఉంది. ఆడించేవాడికి ఏం మిగులుతోంది?

కసీనోలో ప్రతి పాట్‌లోంచీ ఇల్లు కొంత తీసుకుంటుంది. దాన్ని రేక్ అంటారు. నాలుగులు పడ్డా పడకపోయినా రేక్ పడుతుంది. ఇల్లుకి ముక్కలతో పనిలేదు, ఆట ఆగకపోతే చాలు. ఆశ చుట్టూ పెరిగే వ్యాపారాలన్నీ ఇలాంటివే. కోచింగ్ సెంటరూ, వీసా ఏజెన్సీ, ఆస్తి తాకట్టు మీద అప్పిచ్చేవాడూ, "నెవర్ గివప్" అని కాన్ఫరెన్సుల్లో చెప్పి ఫీజు తీసుకునేవాడూ. "వదిలెయ్" అని వీళ్ళు చెప్పరు. చెప్తే రేక్ ఆగిపోతుంది.

పేకాట మీద మన దేశంలో ఎక్కువగా ఉదహరించే తీర్పు సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్ కేసులో వచ్చింది. 1968లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట, మూడు ముక్కలాట లాంటిది కాదు అంది. ఆ సగమే అందరికీ గుర్తు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: ఆటలోంచి క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు రుజువుంటే అది నేరం కావొచ్చు. మేం ఆడే టెక్సస్‌లో చట్టం దాదాపు ఇదే అంటుంది. ఇంట్లో స్నేహితులు ఆడుకోవచ్చు, గెలిచింది తీసుకోవచ్చు, కానీ ఆడించినందుకు ఎవరూ లాభం తియ్యకూడదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి. 2025లో కేంద్రం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. ఆ చట్టాల మంచిచెడ్డలు వేరే చర్చ. నైపుణ్యమా, అదృష్టమా అని మనం అరవై ఏళ్ళుగా వాదించుకుంటున్నాం. రేక్ ఎవరిది అన్న ప్రశ్నే అంతకంటే పనికొచ్చేదని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. "అంటే లేనివాడు ఆశపడకూడదా? డబ్బున్నవాడికే ఫ్లాప్ చూసే హక్కుందా?" నిజమే. ముందున్నవి పదే డాలర్లయితే పోకర్ పుస్తకాలు చెప్పే సలహా ఒకటే: ఆశముక్కలు మానెయ్, మంచి ముక్కలు వచ్చినప్పుడే తోసెయ్. జీవితంలో చాలామందికి ఆ మంచి ముక్కలు రానే రావు. ఊరు దాటినవాళ్ళందరూ ఏదో ఒక తరంలో లెక్కకి మించి కట్టినవాళ్ళే. వాళ్ళు కట్టకపోతే ఈ వ్యాసం చదివేవాళ్ళలో సగంమంది చదువుకునేవాళ్ళే కాదేమో.

దీన్ని కొట్టిపారెయ్యలేను. కానీ ఇందులోంచి వచ్చే నీతి "ధైర్యం చెయ్" అన్నది కాదు. ఆశ ధర తగ్గించాలి, వదిలేసినవాడికి సిగ్గు లేకుండా చెయ్యాలి అన్నది. ప్రభుత్వ కాలేజీ, ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్, ఊళ్ళో లైబ్రరీ: ఇవన్నీ లేనివాడికి ఫ్లాప్‌ని చవక చేసే ఏర్పాట్లు. వాటి గురించి మాట్లాడకుండా ధైర్యం గురించి మాట్లాడేవాడు ధర పెంచేవాడి పక్షాన ఉన్నట్టే. ఇక వదిలెయ్యడం. మా బల్ల దగ్గర ముక్కలు పడేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, అతను లేచి టీ పెట్టుకుంటాడు. అదే మనిషి అమెరికా నుంచి వెనక్కి వెళ్ళినా, అయిదోసారి గ్రూప్స్ రాయకుండా ఏదో పనిలో చేరినా, ఊళ్ళో ఆ మాటే వేరు. ఆ మాట పడలేకనే చాలామంది చెత్త ముక్కలతో రివర్ దాకా కడుతూ పోతారు. వాళ్ళచేత కట్టిస్తున్నది ఆశ కాదు, మన నోళ్ళు.

మనవాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. దింపుడు కళ్ళం ఆశ అన్న మాట ఉంది మనకి. పాడెని దారిలో ఒకచోట దించి, పోయినవాళ్ళని చెవి దగ్గర పేరుపెట్టి పిలుస్తారు, ఏమో, ప్రాణం ఉందేమో అని. పనికిరాని ఆశకి ఆ మాట వాడతాం. కానీ ఆ ఆచారాన్ని ఒకసారి సరిగ్గా చూడండి. ఆ ఆశకి ఒక చోటు ఉంది, ఒక సమయం ఉంది. ఖర్చు రెండు నిమిషాలు. వస్తే రాబోయేది ఒక ప్రాణం. పలకలేదా, పాడె ఎత్తుకుని ముందుకి నడుస్తారు. అక్కడే కూర్చుని మళ్ళీ మళ్ళీ పిలవరు. నాకు తెలిసి అంత ధర తెలిసిన ఆశ ఇంకోటి లేదు.

స్టూ అంగర్ 1981లోనూ గెలిచాడు, పదహారేళ్ళ తర్వాత 1997లో మళ్ళీ గెలిచాడు. ఆ మరుసటి ఏడు లాస్ వేగాస్‌లో ఒక చవక మోటెల్ గదిలో చనిపోయాడు, 45 ఏళ్ళకి, ఏళ్ళ తరబడి మాదకద్రవ్యాలు పాడుచేసిన గుండెతో. చెప్పుకోదగ్గ డబ్బేమీ మిగల్లేదు. బల్ల మీద ముక్కకి ఎంత కట్టాలో అతనంత బాగా తెలిసినవాళ్ళు అరుదు. బల్ల దాటాక అతనికి టేబుల్ స్టేక్స్ లేవు. గుర్రప్పందేలూ, మిగతా పందేలూ, గెలిచినవన్నీ తీసుకుపోయాయి. దీన్ని నీతికథ కింద చెప్పడం లేదు. లెక్క రావడం వేరు, కంచె ఉండడం వేరు. కంచె బయటివాళ్ళు కూడా వెయ్యాలి.

అందుకే ఇప్పుడు ఎవరైనా "అన్నా, ఒక్కమాట" అంటే, "ఉండు, వస్తుంది" అనను, "వెళ్ళిపో" అనీ అనను. నాకు ఉద్యోగం ఉంది, వీసా ఉంది. నా చిప్స్ ఎత్తు మీద కూర్చుని ఇంకొకరికి ధైర్యం చెప్పడం తేలిక, పోతే నాది ఏమీ పోదు. నేను అడిగేవి నాలుగు. ఇంకోసారి చూడ్డానికి ఎంత? ఎవరిది? అవకాశం ఎంతో వాళ్ళకి చెప్పావా? ఎక్కడ ఆపుతావు?

ఆ తమ్ముడు రెండురోజుల తర్వాత ఫోన్ చేశాడు. నాన్నకి అంతా చెప్పానన్నాడు. ఎంతమందిలో ఎంతమందికి వస్తుందో, రాకపోతే ఏమవుతుందో. ఆయన చాలాసేపు విని, "ఈ లెక్క నాకు ముందే చెప్పొచ్చు గదరా" అన్నాడట. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, ఎకరం కాదు, అరెకరం ఇస్తాను, ఒక్కసారికి, అన్నాడట. రాకపోతే వచ్చెయ్, ఊళ్ళో ఎవడేమన్నా నేను చూసుకుంటా అన్నాడట.

ఆ ఏడు లాటరీలో ఏమైందో నాకు తెలుసు. ఇక్కడ రాయను. రాస్తే, ఆ తండ్రి ఇచ్చిన అరెకరం సబబా కాదా అన్నది మీరు దాన్నిబట్టి తేల్చేస్తారు. అది ఆయన ఫోన్ పెట్టేసే సరికే తేలిపోయింది.